గెలిచేదెవరో ముందే తెలిసినా రెండో దెబ్బకి గుండె ఎందుకు ఆగుతుంది? పిన్, కికౌట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఆకివీడు తమ్ముడు:

అందరికీ నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర ఊరు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా నేను, మా తమ్ముడు చూసుకుంటాం. ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి పంట పోతుంది కాబట్టి ఇద్దరిలో ఒకరైనా మేలుకుని ఉండాలి. షెడ్‌లో కూర్చుని ఫోన్‌లో పాత రెజ్లింగ్ మ్యాచ్‌లు పెట్టుకుంటాం. తెలియనివాళ్ల కోసం: అవతలివాడి భుజాలు మ్యాట్‌కి ఆనించి పట్టుకోవడం పిన్, రిఫరీ చేత్తో మూడుసార్లు నేల కొట్టేలోపు భుజం లేపి తప్పించుకోవడం కికౌట్.

మావాడిది ఒకటే వాదన. "ఎవడు గెలవాలో ముందే రాసుకున్నారు కదా, ఒకటి దగ్గర లేస్తే ఏంటి, రెండున్నర దగ్గర లేస్తే ఏంటి?" అంటాడు. జవాబు చెప్పలేకపోతున్నాను. కానీ మొన్న 2009లో రెజిల్‌మేనియా అనే పెద్ద షోలో అండర్‌టేకర్, షాన్ మైకేల్స్ మ్యాచ్ పెట్టాను. ఎవరు గెలిచారో నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా అండర్‌టేకర్ ముగింపు దెబ్బ టూంబ్‌స్టోన్ పడ్డాక రిఫరీ చెయ్యి రెండోసారి నేలకి తగిలేసరికి మావాడు మంచం మీద నుంచి లేచి నిలబడిపోయాడు. మైకేల్స్ భుజం లేపగానే గట్టిగా అరిచాడు కూడా. తర్వాత అడిగితే "అది వేరే" అంటున్నాడు. ఏం వేరేనో చెప్పడు.

నా ప్రశ్న ఇది. తెలిసిన కథకి ఇంత టెన్షన్ ఎలా వస్తుంది? ఇంకో పక్క, ఈమధ్య కొన్ని మ్యాచ్‌లలో మ్యాచ్ ముగించాల్సిన పెద్ద దెబ్బ, అదే ఫినిషర్, ఒకదాని మీద ఒకటి వేసినా అవతలివాడు లేస్తూనే ఉంటాడు, చూసే నాకేమో ఏమీ అనిపించదు. మంచి కికౌట్‌కీ మామూలు కికౌట్‌కీ తేడా ఎక్కడుంది? అలాగే చటుక్కున చుట్టేసి రోలప్‌తో గెలిస్తే అది గెలుపేనా? మావాడు దాన్ని అసలు లెక్కలోకే తీసుకోడు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

మండపేట పీఈటీ:

ఒక్క విషయం చెప్పి తప్పుకుంటాను, మిగతాది పెద్దలు చెబుతారు. నేను హైస్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతాను, కుస్తీ పట్లు కూడా. ఒలింపిక్స్‌లో మీరు చూసే ఫ్రీస్టైల్ కుస్తీలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం లేదు. రెండు భుజాలూ ఒకేసారి మ్యాట్‌కి ఆని, పైవాడి పట్టులో ఉన్నట్టు రిఫరీకి రూఢి అయి, మ్యాట్ చైర్మన్ సరేనంటే అయిపోయినట్టే. మన ఊళ్లలో పాత కుస్తీలో అయితే వీపు మట్టికి తగిలిందా, ఆట ముగిసింది. కింద పడ్డవాడికి మళ్లీ అవకాశం ఉండదు.

మీరు చూసే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఓటమిని సాగదీసి మూడు దెబ్బలు చేశారు. పడిన క్షణానికీ ఓడిన క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్ల ఖాళీ వచ్చింది. మీ తమ్ముడు లేచి నిలబడింది ఆ ఖాళీలోనే. అసలు కుస్తీలో ఆ ఖాళీ లేదు కాబట్టి ఆ రకం ఉత్కంఠ కూడా లేదు. దాని రుచి వేరు.

రాజోలు కేబుల్:

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి పని పక్కన పెట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మా నాన్నగారికి రాజోలు దగ్గర కేబుల్ కనెక్షన్లు ఉండేవి. కంట్రోల్ రూమ్ అంటే మా పెంకుటింటి వసారా, డిష్ పెరట్లో కొబ్బరిచెట్ల నీడ పడని చోట. టెన్ స్పోర్ట్స్ వచ్చాక రెజ్లింగ్ టైముకి ఆ వసారా నిండిపోయేది. దింపు తీసేవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, పక్కింటి మామ్మగారు, అందరూ. నేను వెనకాల పెట్టెల దగ్గర నిలబడేవాణ్ణి కాబట్టి నాకు టీవీ కంటే చూసేవాళ్ల వీపులే బాగా కనిపించేవి. మొదటి దెబ్బకి ఎవరూ కదలరు. రెండో దెబ్బకి వీపులన్నీ ఒక్కసారే ముందుకి వంగుతాయి. భుజం లేస్తే అన్నీ కలిసి వెనక్కి వాలతాయి. "అంతా ఫిక్సింగేనండి" అని గంట నుంచీ అంటున్నాయన వీపు కూడా వంగేది. ఫిక్సింగ్ సంగతి తెలియనివాళ్లు ఆ వసారాలో ఎవరూ లేరు.

మా మావయ్య పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. కృష్ణుడి రాయబారం ఫలించదని తెలియకుండా ఎవరూ నాటకానికి రారు. అయినా పద్యం చివర నటుడు రాగం ఎత్తుకున్నాడంటే, దాన్ని ఎంతసేపు నిలబెడతాడు, ఎక్కడ దించుతాడు అని ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. ఆయన ఓసారి మా వసారాలో కూర్చుని రెజ్లింగ్ చూసి, "ఆ కొట్టుకునేవాళ్లని వదిలెయ్, ఆ చారల చొక్కా ఆయన్ని చూడరా, తాళం ఆయన చేతిలో ఉంది" అన్నారు. అప్పటినుంచి నేను ముందు రిఫరీనే చూస్తాను. నువ్వూ చూడు. మంచి రిఫరీ మ్యాచ్ మొదటి నిమిషంలో వేసిన లెక్కకీ ముప్పయ్యో నిమిషంలో వేసిన లెక్కకీ వేగం మార్చడు. రెండు పడ్డాక మూడోదానికి చెయ్యి నెమ్మదిగా దించాడంటే, కిందున్నవాడు లేస్తాడని జనం పసిగట్టేస్తారు. వేగం ఒకేలా ఉంటేనే మూడోసారి చెయ్యి గాలిలో ఉన్నంతసేపూ రెండు దారులూ తెరిచి ఉంటాయి.

ఇక పిన్. పిన్ వేసే తీరులోనే సగం కథ ఉంది. మీదపడి కాలు మడిచి దగ్గరికి లాక్కుని పట్టుకున్నాడంటే, ఇక్కడితో ముగించాలని గట్టిగా అనుకుంటున్నాడని అర్థం. కాలు పట్టకుండా ఛాతీ మీద ఊరికే వాలాడంటే, అలసిపోయి ఉండాలి, లేదా అవతలివాణ్ణి తక్కువ అంచనా వేసుండాలి. ముంజేతిని మొహానికి అదిమి పిన్ వేసేవాడు గెలవడంతో సరిపెట్టుకోడు, అవమానించాలి వాడికి. అండర్‌టేకర్ అయితే కిందున్నవాడి రెండు చేతులూ ఛాతీ మీద శవానికి పెట్టినట్టు పెట్టి, నాలుక బయటపెట్టి, కళ్లు తేలేసి లెక్క పెట్టించుకునేవాడు. 1991లో ఏడో రెజిల్‌మేనియాలో రాండీ శావేజ్ తాడు మీద నుంచి వరసగా అయిదుసార్లు మోచేత్తో దూకినా అల్టిమేట్ వారియర్ లేచాడు. చివరికి వారియర్, శావేజ్ ఛాతీ మీద ఒక్క కాలు ఆనించి నిలబడి మూడు కొట్టించుకున్నాడు. ఓడినవాడు రిటైరవ్వాలన్న మ్యాచ్ అది. వంగి మీద పడాల్సిన అవసరం కూడా లేకుండా ముగించాడంటే శావేజ్‌లో ఇంకేమీ మిగల్లేదని ఆ ఒక్క కాలే చెప్పేసింది. వేరే ఏ మ్యాచ్‌లోనైనా అలా కాలు పెడితే అది పొగరు. ఆ రోజు మాత్రం చూస్తుంటే బాధేసింది.

కికౌట్ కూడా అంతే. ఒకటి దగ్గరే లేచాడంటే "నీ దెబ్బ నాకు లెక్కే కాదు" అని మొహం మీదే చెప్పినట్టు. హల్క్ హోగన్ రెండు దగ్గర పైవాణ్ణి విసిరేసి, లేచి వణుకుతూ వేలు చూపించేవాడే, అదో రకం: బలం తిరిగొచ్చిందని. ఇక శక్తంతా అయిపోయినవాడు ఒళ్లంతా ఎగరేయలేడు. ఒక్క భుజం, అదీ నాలుగు వేళ్ల ఎత్తు. మిగతా ఒళ్లంతా మ్యాట్‌కి అతుక్కునే ఉంటుంది. ఈ మూడో రకం చేసే రెజ్లర్లంటే నాకు గౌరవం. అక్కడ టైమింగ్ తప్పితే మ్యాచ్ మొత్తం పాడవుతుంది.

నువ్వడిగిన 2009 మ్యాచ్‌కి వద్దాం. హ్యూస్టన్‌లో జరిగింది. అప్పటికి రెజిల్‌మేనియాలో అండర్‌టేకర్‌కి ఓటమి లేదు, పదహారు గెలుపులు. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి ఆయుధాలు ఒకరు తట్టుకుంటూ వస్తారు. సూపర్‌కిక్ తిని అండర్‌టేకర్ లేస్తాడు, లాస్ట్ రైడ్ తిని మైకేల్స్ లేస్తాడు. తర్వాత టూంబ్‌స్టోన్. దాన్ని తిని లేవడమంటే అప్పట్లో మామూలు మాట కాదు. చేతులు ఛాతీ మీద పెట్టాడు, నాలుక బయటపెట్టాడు, రెండు పడ్డాయి, భుజం లేచింది. ఈసారి ఇంకోసారి పెట్టుకుని మైకేల్స్‌ని చూడకు, అండర్‌టేకర్ మొహం చూడు. మోకాళ్ల మీద కూర్చుండిపోయి, కళ్లు పెద్దవి చేసుకుని, నోరు తెరుచుకుని ఉంటాడు. పద్దెనిమిదేళ్లుగా ఏ భావమూ లేకుండా నడిచొచ్చే మనిషి. ఆ మొహంలో మొదటిసారి "ఇప్పుడేం చెయ్యాలి" అన్న ప్రశ్న కనిపిస్తుంది. మీ తమ్ముడు అరిచింది భుజం లేచినందుకు అనుకుంటున్నాడు. ఆ మొహం చూసి అరిచాడు. పిన్ వేసినవాడు నమ్మితేనే మనం నమ్ముతాం. కికౌట్ బరువంతా పైవాడి మొహం మీద పడుతుంది.

నీకు ఏమీ అనిపించని మ్యాచ్‌లు మళ్లీ పెట్టి చూడు. ఫినిషర్ వేస్తాడు, అవతలివాడు లేస్తాడు, వేసినవాడు అర నిమిషం నోరు తెరిచి రిఫరీకి మూడు వేళ్లు చూపించి, మళ్లీ అదే వేస్తాడు. ఆ ఆశ్చర్యం తర్వాత అతను చేసే పనిలో ఏ మార్పూ ఉండదు. దెబ్బ పనిచెయ్యలేదని నిజంగా నమ్మినవాడు వేరే దారి వెతకాలి కదా, భయపడాలి, తొందరపడాలి, తప్పు చెయ్యాలి. మైకేల్స్ ఆ రాత్రి చేసింది అదే. రెండో సూపర్‌కిక్‌కి కూడా అండర్‌టేకర్ లేవగానే తాడు ఎక్కి, వెనక్కి పల్టీ కొట్టే మూన్‌సాల్ట్‌కి దూకాడు, అండర్‌టేకర్ గాలిలోనే పట్టుకుని టూంబ్‌స్టోన్‌లోకి తిప్పాడు, అయిపోయింది. కికౌట్ వల్ల తొందరపాటు, తొందరపాటు వల్ల ఓటమి.

రోలప్ సంగతి. మీ తమ్ముడికి 1994 మార్చి 20న మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్ ఆడిన మ్యాచ్ చూపించు. అన్నదమ్ములు. ఎప్పుడూ అన్న నీడలోనే బతికాననేది తమ్ముడి కోపం. చివర్లో బ్రెట్, తమ్ముడి భుజాల మీదికెక్కి విక్టరీ రోల్‌తో చుట్టెయ్యబోతే, ఓవెన్ చుట్టుకోకుండా అలాగే అన్న మీద కూర్చుండిపోయాడు. మూడు పడ్డాయి. పెద్ద దెబ్బ లేదు, రక్తం లేదు, మోసం లేదు. అన్న ఎత్తుని తమ్ముడు కనిపెట్టాడు, అంతే. ఒకవేళ ఓవెన్ పెద్ద ఫినిషర్‌తో ఓడించి ఉంటే "నీకు బలం ఉంది" అని ఒప్పుకుని ముగించొచ్చు. ఈ పిన్‌లో ముగింపు లేదు. అన్న "కాలు జారింది" అనుకోవచ్చు, తమ్ముడు "నీ కంటే తెలివైనవాణ్ణి" అనుకోవచ్చు. అదే రాత్రి చివర్లో బ్రెట్, యోకోజూనాని ఓడించి చాంపియన్ అయ్యాడు. జనమంతా సంబరపడుతుంటే ఓవెన్ ఒక్కడే పక్కన నిలబడి చూస్తుంటాడు. ఆ బెల్టు ఉన్నవాణ్ణి తను కొన్ని గంటల ముందే పిన్ చేశాడు మరి. నెలల తరబడి నడిచిన గొడవకి ఆ రోలప్పే పెట్టుబడి.

ఆకివీడు తమ్ముడు:

అన్నా, చాలా థాంక్స్ అండి. రాత్రి మళ్లీ పెట్టాం, మొహం చూశాం. మావాడు ఏమీ మాట్లాడలేదు, వెనక్కి జరిపి ఇంకోసారి చూశాడు.

ఒక సందేహం. అంతలా కాపాడిన టూంబ్‌స్టోన్, ఆ వరస గెలుపులు, 2014లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఒక్కసారిగా పోయాయి కదా. అక్కడ నాకు అలాంటి గొప్ప కికౌట్ ఏదీ కనిపించలేదు. మ్యాచ్ కూడా నెమ్మదిగానే ఉంది. మరి అదెందుకు అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు?

కాకినాడ అక్క:

బ్రదర్, రాజోలు వారు జవాబిచ్చేలోపు నేను చిన్న అభ్యంతరం చెప్పాలి. ఫినిషర్ తిని లేవడం ఎక్కువైతే విలువ పోతుందన్నది నిజమే కానీ, నియర్ ఫాల్స్, అంటే మూడు పడబోతుండగా చివరి క్షణంలో లేవడాలు, ఎక్కువగా ఉన్న మ్యాచ్‌లన్నీ అలా తేలిపోవు. జపాన్ మ్యాచ్‌లు చూడండి. అక్కడి అభిమానులు "కౌంట్ 2.9" అంటారు, మూడుకి వెంట్రుకవాసి ముందు లేవడాన్ని. అక్కడది వాళ్ల కథ చెప్పే భాషలో భాగం.

కెన్నీ ఒమెగా, కజుచికా ఒకాడా వరస తీసుకోండి. ఒమెగా ఫినిషర్ వన్ వింగ్డ్ ఏంజెల్. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ముప్పావు గంట పైన కొట్టుకున్నారు, అందులో ఒమెగా ఆ దెబ్బ వెయ్యలేకపోయాడు, ఓడిపోయాడు. జూన్‌లో ఒసాకాలో మళ్లీ కలిశారు. ఈసారి దెబ్బ పడింది, పిన్ వేశాడు, ఒకాడా కాలు తాడుకి తగిలింది, లెక్క ఆగింది. మ్యాచ్ గంట నిండి డ్రా అయింది. ఒకాడా భుజం లేపలేదు, గమనించండి. తాడు కాపాడింది. అంటే ఆ దెబ్బ పరువు పోలేదు. ఆగస్టులో లీగ్ మ్యాచ్‌లో అదే దెబ్బతో ఒకాడాని పిన్ చేశాడు, కానీ అది టైటిల్ మ్యాచ్ కాదు. 2018 జూన్ 9న మూడింట రెండుసార్లు గెలవాల్సిన మ్యాచ్‌లో దాంతోనే టైటిల్ గెలిచాడు. ఈ మ్యాచ్‌లలో మిగతా దెబ్బలకి ఎన్నిసార్లు లేచారో లెక్కే లేదు. ఆ ఒక్కదాన్ని మాత్రం తాకనివ్వలేదు. ఒక్క తలుపుకి తాళం వేసి ఉంచితే మిగతావి ఎన్నిసార్లు తెరిచినా ఫరవాలేదని నా అభిప్రాయం.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది నన్ను బాధపెట్టే విషయం. తొంభైలలో ఆల్ జపాన్ అనే కంపెనీలో మిసావా, కోబాషి, కవాడా వాళ్ల మ్యాచ్‌లు అద్భుతం. కానీ నిన్నటి దెబ్బకి లేచినవాడు ఇవాళ అదే దెబ్బకి పడిపోతే జనం ఒప్పుకోరు, కాబట్టి దెబ్బలు మెడ మీదికి, తల మీదికి పోతూ వచ్చాయి. ఏళ్ల తరబడి అలా పడ్డ మిసావా 2009 జూన్ 13న హిరోషిమాలో మ్యాచ్ మధ్యలో ఒక బ్యాక్ సూప్లెక్స్ తర్వాత లేవలేదు, ఆ రాత్రే చనిపోయాడు. కికౌట్ విలువ తగ్గితే ఆ లోటు ఎవరి ఒంటి మీద పడుతుందో రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

రాజోలు కేబుల్:

అక్కా, తాడు సంగతి మీరు చెప్పింది నేను మర్చిపోకూడని మాట. కాలు తాడుకి తగిలితే ఓడినట్టూ కాదు, తట్టుకున్నట్టూ కాదు. దెబ్బా బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. మిసావా గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

తమ్ముడూ, 2014 గురించి. న్యూ ఆర్లీన్స్‌లో ఆదివారం రాత్రి, మనకి సోమవారం ఉదయం. అప్పటికి ఇరవై ఒక్క గెలుపులు. అంతకు మూడేళ్ల ముందు అట్లాంటాలో ట్రిపుల్ హెచ్ తన ఫినిషర్ పెడిగ్రీ మూడుసార్లు వేసినా, చివరికి అండర్‌టేకర్‌కే టూంబ్‌స్టోన్ వేసినా అండర్‌టేకర్ లేచాడు. ఆ తర్వాతి ఏడాది మైకేల్స్ రిఫరీగా ఉండి సూపర్‌కిక్ కొట్టి, దానికి తోడు పెడిగ్రీ పడినా లేచాడు. అంటే చూసేవాళ్లకి ఏళ్ల తరబడి ఒక్కటే నేర్పారు: ఈయన లేస్తాడు. కాబట్టి లెస్నర్ తన ఫినిషర్ ఎఫ్‌-5 వేస్తే, మొదటిదానికి లేచినప్పుడు, రెండోదానికి లేచినప్పుడు ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. మూడోది పడింది, లెక్క మొదలైంది, అప్పుడు కూడా అందరూ కికౌట్ కోసమే చూస్తున్నారు. రాలేదు. పాట కూడా వెంటనే మోగలేదు. తెరమీద 21-1 అని వచ్చేదాకా స్టేడియంలో చాలామంది రిఫరీ పొరపాటేమో అనుకున్నారు.

నీకు గొప్ప కికౌట్ కనిపించలేదన్నావు, నిజమే. అక్కడి కథ రాని కికౌట్‌ది. అంతకు ముందు మ్యాచ్‌లలో లేచిన ప్రతి భుజం ఆ రోజు కోసం అక్కడ పనిచేసింది. నెమ్మదిగా ఉందన్నదీ ఒప్పుకుంటాను, అండర్‌టేకర్‌కి ఆ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలింది. ఆ ఓటమి లెస్నర్‌కి ఇవ్వాలా అన్న గొడవ వేరే, నా మట్టుకు ఇవ్వకూడదు. కానీ పిన్ మాత్రం పిన్‌లా వేశారు. ఓడించారు, సందు వదల్లేదు.

ఇదెందుకు చెబుతున్నానంటే, 1990లో టొరంటోలో హోగన్, వారియర్ చేతిలో ఓడిన పిన్ చూడు. మూడు పడీ పడగానే హోగన్ భుజం లేపేస్తాడు. "నేనూ లేచేవాణ్ణే, కాస్తలో పోయింది" అని చెప్పుకోవడం. తర్వాత బెల్టు తనే అందించి కౌగిలించుకోవడం బాగుంది. ఆ భుజం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అన్నేళ్లు గెలిచినవాడు వారసుడికి ఇవ్వగలిగింది ఒక్క శుభ్రమైన మూడు. దాన్లో కూడా కొంచెం తన దగ్గరే ఉంచుకున్నాడు.

అంబాజీపేట:

రిఫరీ గురించి చెప్పారు కాబట్టి ఒకటి కలుపుతాను. 1988 ఫిబ్రవరి 5న అమెరికాలో ఎన్బీసీలో లైవ్ వచ్చిన హోగన్, ఆండ్రీ ది జెయింట్ మ్యాచ్. మూడు కోట్ల ముప్పై లక్షల మంది చూశారని చెబుతారు, అక్కడ రెజ్లింగ్‌కి అదే రికార్డు. ఆండ్రీ పిన్ వేశాడు, ఒకటి పడగానే హోగన్ భుజం స్పష్టంగా లేచింది, రిఫరీ పట్టించుకోకుండా మూడూ కొట్టేశాడు. ఇంతలో అచ్చం అలాగే ఉన్న ఇంకో రిఫరీ వచ్చాడు. డేవ్ హెబ్నర్, ఎర్ల్ హెబ్నర్ నిజంగానే కవలలు. కథలో ఒకణ్ణి డబ్బున్న టెడ్ డిబియాసి కొనేశాడని చూపించారు. ఆండ్రీ బెల్టు అక్కడికక్కడే డిబియాసికి ఇచ్చేశాడు. లేచిన భుజాన్ని రిఫరీ లెక్కచెయ్యకపోతే ఎంత కోపం వస్తుందో ఆ మ్యాచ్‌లో తెలుస్తుంది. కికౌట్ ఒక హక్కు అని మనం ఎంత గట్టిగా నమ్ముతున్నామో అప్పుడే బయటపడుతుంది.

నేను 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన షోకి వెళ్లాను. మన కోనసీమ నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకర్ అయిన బాలయోగి గారి పేరున్న ఇండోర్ స్టేడియం. జాన్ సీనా, సెత్ రోలిన్స్ జట్టు గెలిచింది. టీవీలో తెలియనిది అక్కడ తెలిసింది: లెక్క రిఫరీ ఒక్కడే పెట్టడు. వన్, టూ అని హాలంతా కలిసి అరుస్తుంది, భుజం లేచిన వెంటనే "టూ" అని రెండు వేళ్లు చూపిస్తూ మళ్లీ అరుస్తారు. నా పక్కన కూర్చున్న చిన్నపిల్ల ప్రతి పిన్‌కీ కుర్చీ చెయ్యి మీద రిఫరీలా అరచేత్తో కొట్టింది. ఎవరు గెలుస్తారో ఆ పిల్లకి తెలుసో లేదో నేను అడగలేదు.

ఆకివీడు తమ్ముడు:

అందరికీ చాలా థాంక్స్ అండి. బ్రెట్, ఓవెన్ మ్యాచ్ ఇవాళ రాత్రి పెడుతున్నాను. మావాడికి నేను అన్నని కాబట్టి వాడు ఎవరి పక్షం ఉంటాడో నాకు తెలుసు. జాన్ సీనా మ్యాచ్‌లలో చూడదగ్గది ఏదైనా ఉందా అన్నా? మావాడు సీనా ఫ్యాన్.

రాజోలు కేబుల్:

ఉంది. 2016 సమ్మర్‌స్లామ్, ఏజే స్టైల్స్ మీద. సీనా తన ఫినిషర్ ఏఏని రెండో తాడు మీద నుంచి వేస్తాడు, స్టైల్స్ లేస్తాడు. సీనా ఫినిషర్‌కి లేవడం అప్పటికే మామూలైపోయింది, అయినా ఇది పనిచేసింది. ఎందుకో ఇప్పుడు మీవాడికి చెప్పనక్కర్లేదు, ఎక్కడ చూడాలో తెలిసింది కదా. సీనా మ్యాట్ మీద కూర్చుని ఎటో చూస్తుంటాడు. కోపం ఉండదు, రిఫరీతో గొడవ ఉండదు. కాసేపటికి స్టైల్స్ అతన్ని శుభ్రంగా పిన్ చేస్తాడు, సీనా భుజం లేపడు.

బ్రెట్, ఓవెన్ మ్యాచ్ ఆ షోలో మొదటిదే, వెతుక్కోనక్కర్లేదు. చివరి పిన్ దగ్గర ఓవెన్ అన్న మీద ఎలా కూర్చుండిపోయాడో చూడమను. యోకోజూనా మ్యాచ్ అయ్యాక ఓవెన్ వచ్చి నిలబడేదాకా ఆపకుండా చూడండి.